స్నానాల గది తలుపు

ఆ తలుపు మళ్లీ తెరుచుకుంది. నా మనవరాలు ఏదిస్ కాదు, నీలం టోపీ పెట్టుకున్న పెద్దావిడ ఎవరో, చలికి భుజాలు బిగబట్టుకుని చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ పెద్దకొలను వైపు పోయింది. తలుపు తనంతట తానే మూసుకుంది. దాని వెనకాలే వచ్చిన ఆవిరి కాసేపు గాలిలో నిలబడి, ఎటు పోవాలో తెలియనట్టు తటపటాయించి, కరిగిపోయింది. నేను ఊరి ఈతకొలను పక్కన, ఆరుబయట వేడినీళ్ల తొట్టిలో మెడదాకా మునిగి కూర్చున్నాను. నెత్తిమీద ఉన్నిటోపీ, టోపీ మీద వానో మంచో తేల్చుకోలేని మార్చి నెల తుంపర. మోకాళ్లు నన్ను దీవిస్తున్నాయి, నడుము నన్ను దీవిస్తోంది, ప్రాణం మాత్రం ఆ తలుపు పిడికి వేలాడుతోంది. నువ్వు ముందు పో అమ్మమ్మా, తొట్టిలో కూర్చో, నేను వస్తాను, రాలేకపోతే రాను, నువ్వు మాత్రం లోపలికొచ్చి నన్ను పిలవకూడదు అని కారు దిగకముందే మాట తీసుకుంది. ఇచ్చాను. మాట ఇవ్వడం నాకెప్పుడూ తేలికే, నిలబెట్టుకునేటప్పుడే ఒళ్లంతా దురద పుడుతుంది. లోపల నేను తల మీద నీళ్లు పోసుకునేటప్పుడు వారగా చూశాను, లాకరు ముందు పెద్దకోటుతోనే నిలబడి ఉంది, జిప్పు గడ్డం దాకా లాక్కుని, బస్సు కోసం ఎదురుచూసే మనిషిలాగా. తల తిప్పుకుని వచ్చేశాను.

బస్సంటే గుర్తొచ్చింది, అసలు సంగతంతా ఆ బస్సే. శుక్రవారం పొద్దున్న వాళ్ల విశ్వవిద్యాలయం పిల్లలంతా బస్సెక్కి తూర్పున మంచుకొండ కిందికి పోతారు, వారమంతా రాళ్లు కొట్టి చూడడానికి. నా మనవరాలు చదివేది భూమి లోపలి చదువు. చిన్నప్పటి నుంచీ దాని జేబుల్లో రాళ్లే, ఉతికే యంత్రం దడదడలాడుతుంటే ఇల్లు కూలిపోతోందేమోనని పరుగెత్తుకెళ్లేదాన్ని. అక్కడ బస ఒకటే, పడకలన్నీ ఒకటే గదిలో, ఆడపిల్లలందరికీ స్నానాల గది ఒకటే, సాయంత్రాలు బయట వేడినీళ్ల మడుగు. పోకపోతే ఏడాది పోయినట్టే, ఏడాది పోతే అసలు చదువే వద్దు, వాళ్లమ్మ ఉండే ఊరికి పోయి చేపల గిడ్డంగిలో చేరతానంటోంది. చేపల గిడ్డంగిలో నేను చేతులు కొంకర్లు పోయేదాకా పనిచేశాను, అందులో సిగ్గేమీ లేదు, కానీ రాయిని చూడగానే కళ్లు వెలిగే పిల్ల కాడ్ చేప పొట్ట చీలుస్తూ కూర్చుంటే ఆ చేపకు కూడా మనసొప్పదు. అందుకని తనకు తానే పరీక్ష పెట్టుకుంది. ఈ రోజు అందరి మధ్యా బట్టలు విప్పి, స్నానం చేసి, ఆ తలుపు తీసుకుని, తొట్టిదాకా నడిచి రాగలిగితే శుక్రవారం బస్సెక్కుతుంది. రాలేకపోతే ఆ మాట ఇంకెవరూ ఎత్తకూడదు. విశ్వవిద్యాలయంలో ఒకావిడ ఉంది, పిల్లల మనసు బాగు చూసే ఆవిడ, ఆవిడతో ఈ పరీక్ష సంగతి చెబితే, మంచిదే, కానీ పరీక్షలో తప్పినా నువ్వు నువ్వే అని గుర్తుంచుకో అందట. మంచి మాట. ఆవిడ దగ్గరికి పోవడానికి వరస చాలా పొడుగు, ఈ ఊళ్లో కుర్రాళ్లంతా ఆ వరసలోనే ఉన్నారేమో అనిపిస్తుంది.

ఎవరికైనా చెబితే నవ్వుతారు, స్నానం చేయడం కూడా పరీక్షేనా అని. మాకు స్నానమంటే ఏముంది. కొలనులో దిగబోయే ముందు ఒంటిమీద నూలుపోగు లేకుండా సబ్బుతో రుద్దుకోవాల్సిందే, ఈతబట్ట ఆ తరవాతే. లేకపోతే కాపలావిడ వేలెత్తి వెనక్కి పంపుతుంది, మంత్రిగారి భార్య అయినా సరే. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అంతే. సముద్రం కొండల మధ్యకు చొచ్చుకొచ్చే పడమటి ఫియోర్డులో మా ఊరి చివర, సముద్రం అంచున, భూమిలోంచి ఊరే వేడినీటికి చుట్టూ సిమెంటు గోడ కట్టారు, అదే మా కొలను. పక్కన రేకుల గది, అందులో మా అమ్మ, మా పెద్దమ్మ, చర్చి పెద్దాయన భార్య, కొట్టు నడిపే హాల్డోరా, అందరూ ఒకరి వీపు ఒకరు రుద్దుకుంటూ ఊరి సంగతులన్నీ కడిగేవాళ్లు. చర్చి పెద్దాయన భార్యకు నడుము మీద కాఫీగింజంత పుట్టుమచ్చ, ఆదివారం ఆవిడ నల్లకోటు వేసుకుని గంభీరంగా కూర్చుంటే నాకు ఆ కాఫీగింజే కనిపించి నవ్వొచ్చేది. మా పెద్దమ్మ పొట్ట మీద కాన్పుల చారలు, పారే నీళ్లు ఇసుకలో గీసినట్టు. హాల్డోరా కాలు ఒకటి సన్నం, చిన్నప్పుడు జబ్బు చేసి. ముసలమ్మల రొమ్ములు బొడ్డు దాకా, పడుచు పిల్లలవి ఒకటి తూర్పు ఒకటి పడమర. నాకు బడిచదువు అబ్బలేదు గానీ ఆడవాళ్ల వీపులు చదవడం అక్కడే వచ్చింది. ఓహో, మనుషులంటే ఇట్లా ఉంటారన్నమాట అనుకున్నాను, అంతే, మళ్లీ ఆ సంగతి ఆలోచించే పని పడలేదు. నాకూ ఒళ్లొచ్చింది, తగ్గింది, కోతలు పడ్డాయి, కుట్లు పడ్డాయి, ఏ ఒక్కటీ నాకు కొత్తగా అనిపించలేదు, ముందే చూసిన దారిలో నడిచినట్టే ఉండేది.

తలుపు తెరుచుకుంది. ఇద్దరు పడుచుపిల్లలు. ఏదిస్ కాదు. ఇద్దరూ తువ్వాళ్లు చంకల దాకా చుట్టుకుని, చలికి కీచుమంటూ ఒకరి వెనక ఒకరు దాక్కుని మళ్లీ లోపలికే పోయారు. ఏదో మరిచిపోయినట్టున్నారు. ఈ కాలం పిల్లలు కొందరు ఈతబట్టతోనే నీళ్లు పోసుకుంటారు, కొందరు తలుపున్న గది కావాలంటారు, ఇప్పుడు అలాంటి గదులు కూడా కడుతున్నారు. కట్టనీ, నాకేం. కానీ ఒకరి ఒళ్లు ఒకరు చూడకపోతే వీళ్లు చూసే ఒళ్లేవి? పొద్దున్న లేచిన దగ్గరి నుంచీ అరచేతిలో కనిపించేవే. అన్నీ ఒకటే నునుపు, అన్నిటి మీదా ఒకటే వెలుతురు, నడుములన్నీ ఒకటే అచ్చులో పోసినట్టు. అట్లాంటి వాళ్లను రోజుకు వందమందిని చూసి, తరవాత అద్దంలో తనను చూసుకుంటే, పాపం తనొక్కతే తేడాగా పుట్టినట్టుంటుంది. మా రేకుల గదిలో అందరూ తేడాగానే పుట్టారు కాబట్టి ఎవరూ తేడా కాదు.

ఫోనుకు నేను శత్రువునేమీ కాను. నాకూ ఉంది, మా అల్లికల గుంపులో నేను పెట్టిన చేతితొడుగుల ఫోటోలకు ఎర్రగుండెలు వచ్చిపడుతుంటాయి. ఒకసారి, ఎంతో కష్టపడి నాలుగు రంగుల ఉన్నితో అల్లిన జత పెడితే ఎవరూ పట్టించుకోలేదు, అదే పూట ఎవరో పాత పిల్లికి టోపీ పెట్టి ఫోటో తీస్తే గుండెల వాన. ఆ రోజు పులుసు కలియబెడుతూ, గొర్రెమాంసం ఉడికిందో లేదో కూడా చూడకుండా, ఆ పిల్లిని తలుచుకుని పళ్లు నూరుకున్నాను. ఇంత బతుకు బతికి, నలుగుర్ని కని, మొగుణ్ని సముద్రంలోంచి వెనక్కి తెచ్చుకుని, మళ్లీ మంచం మీద పోగొట్టుకుని, ఇన్ని చూసిన నాకే పిల్లి టోపీ అంత నొప్పి పెడితే, ఇరవై ఏళ్ల పిల్లకు ఎంత పెట్టాలి? అందుకే దాన్ని ఆ ఫోను అవతల పారెయ్యమని నేనెప్పుడూ అనలేదు. దాని చదువు గుంపు అందులోనే, గురువులు చెప్పేది అందులోనే, వాళ్లమ్మ గొంతు కూడా అందులోంచే. బావిలో విషం పడిందని నీళ్లు తాగడం మానెయ్యమంటే ఎట్లా.

విషమంటే పెద్ద విషమేమీ కాదు, అదే చిత్రం. ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఆకులు పసుపుబారే రోజుల్లో తరగతి పిల్లలంతా కొండ మీదికి పోయి వేడివాగులో దిగారు. నా మనవరాలు ఒడ్డుకెక్కుతుండగా, మోచేతుల మీద ఆని, తడి జుట్టు కళ్లలో పడి, తుళ్లి నవ్వుతుంటే ఒక కుర్రవాడు ఫోటో తీసి గుంపులో పెట్టాడు, ఒడ్డుకెక్కిన సీలు, భూగర్భ విభాగం వారి కొత్త ఆవిష్కరణ అని. సీలంటే సముద్రంలో ఉండే బొద్దు జంతువు. తరగతంతా నవ్వుబొమ్మలు. అన్నిటికంటే ముందు నవ్వుబొమ్మ పెట్టింది ఎవరనుకున్నారు, ఏదిసే. నవ్వకపోతే ఏడ్చిందనుకుంటారు కదా అమ్మమ్మా అంది నాతో, ఎన్నో నెలలకు. ఒకసారి నవ్వాక ఇంక నొచ్చిందని చెప్పే దారి లేదు. ఆ కుర్రవాడికి ఈనాటికీ తెలియదేమో. ఆ ఫోటో నాకు చూపించినప్పుడు నేను నిజం చెప్పాను, ఎంత బాగున్నావే, సీలంటే ఏమనుకున్నావు, దాని కళ్లు చూశావా, మా ఊళ్లో రాతి మీద పడుకుని ఎండ కాగుతుంటే రాణిగారిలా ఉండేది అని. అది నా వైపు చూసి, మెట్లు దిగి, తన గదికి పోయింది. నేల కింది గది నాదే, అద్దెకిచ్చేదాన్ని, అది చదువుకొచ్చాక దానికిచ్చాను. ఆ మెట్ల మీద దాని అడుగుల చప్పుడు నాకు బాగా తెలుసు, రెండేసి మెట్లు దూకే పిల్ల. ఆ రోజు నుంచి ఒక్కొక్క మెట్టే.

తరవాత చలికాలపు చీకటి నెలలు వచ్చాయి. చీకట్లో మేమందరం కాస్త ముడుచుకుంటాం, అది మామూలే, అందుకే మాకు తెలియలేదు. తరగతులకు వెళ్లకుండా గురువుల మాటలు ఫోనులోనే వింటోంది, ఈ కాలం అంతే కాబోలు అనుకున్నాం. తిండి తగ్గింది, పరీక్షలు కదా అనుకున్నాం. కొలనుకు రమ్మంటే జలుబంది. ఎన్ని జలుబులే తల్లీ. వాళ్లమ్మ ఉన్నర్, నా పెద్దకూతురు, చేపల ఓడలో వంట చేస్తుంది, నెలలో మూడు వారాలు సముద్రం మీదే. ఓడలోంచి మాట తెగుతూ అతుకుతూ వచ్చేది, సర్దుకుంటుందిలే అమ్మా అని. మా దేశం మొత్తానికి ఒకటే మాట అది, సర్దుకుంటుందిలే. పడవ తిరిగి రాలేదా, సర్దుకుంటుంది. దారి మంచులో మూసుకుపోయిందా, సర్దుకుంటుంది. కొండ పగిలి నిప్పు పారుతోందా, దుప్పట్లు సర్దుకుని పక్క ఊరికి పోదాం, అదీ సర్దుకుంటుంది. అవన్నీ నిజంగానే సర్దుకునేవి, ఎందుకంటే ఆ మాట అంటూనే ఎవరో ఒకరు పార పట్టుకుని మంచు తవ్వేవాళ్లు. మంచు కనిపిస్తుంది కాబట్టి తవ్వేవాళ్లు. ఈ పిల్ల మీద పడ్డ మంచు ఎవరికీ కనిపించలేదు, పార ఎవరూ పట్టలేదు, మాట ఒక్కటే మిగిలింది. నేనే ఒకనాడు పులుసుగిన్నె పట్టుకుని కిందికి పోయి, దాని మంచం మీద కూర్చుని, ఇది సర్దుకోవడం లేదు, నువ్వేం చెబుతావో చెప్పు, నాకు సాయంత్రం దాకా వేరే పని లేదు అన్నాను. పులుసు చల్లారింది. మళ్లీ వేడిచేసి తెచ్చాను. మళ్లీ చల్లారింది. అప్పుడు చెప్పింది.

"ఏమే స్టైనున్, ఆ తలుపుకు మేకు కొట్టినట్టు చూస్తున్నావ్. ఎవడైనా ప్రియుడొస్తున్నాడా?" అన్నాడు గ్రీమర్. నాకు ఎదురుగా, తొట్టిలో సగం తన కాళ్లతోనే నింపుకుని కూర్చున్నాడు. ఒకప్పుడు ఓడ నడిపినవాడు, ఇప్పుడు ఈ తొట్టి నడుపుతున్నాననుకుంటాడు. రోజూ ఇదే చోటు, ఇదే మూల, రోడ్ల గుంతల గురించి, పోయినవాళ్ల గురించి, గాలి ఎటు తిరుగుతుందో దాని గురించి ఆయన చెప్పిందే వేదం.

"అది ఆడవాళ్ల తలుపు. ప్రియుడైతే అవతలి తలుపులోంచి రావాలి, నీకింకా తేడా తెలియలేదా?" అన్నాను.

"నీ కోసమైతే ఏ తలుపులోంచైనా వస్తాడు," అని గడ్డం నీళ్లలో ముంచాడు. ఆయనకు నేను చెప్పలేదు, నా పిల్ల సంగతి ఈ తొట్టిలో ఎవరికీ చెప్పలేదు, ఇక్కడ ఒకరికి చెబితే సాయంత్రానికి ఊరంతా తెలుస్తుంది. ఫోన్లు పుట్టకముందు మాకు ఇదే కదా, ఎవరింట్లో ఏం జరిగిందో ఈ నీళ్లలోంచే పాకేది. తేడా ఒకటే, ఇక్కడ ఒకరి మాట అంటే వాళ్ల మొహం ఎదురుగా ఉంటుంది, మొహం ఎర్రబడితే ఆపాలని తెలుస్తుంది, ఆపకపోతే పక్కవాళ్లు నీళ్ల కిందనుంచి కాలితో తంతారు. నేను ఎంతమందిని తన్నానో.

గాలి తిరిగింది. తుంపర ఇప్పుడు పక్క నుంచి కొడుతోంది, చెంప మీద సూదుల్లాగా, అడుగున మాత్రం వెచ్చగా. ఏదిస్‌కు ఈత నేర్పింది నేనే, ఈ కొలనులోనే, పొట్ట కింద అరచెయ్యి పెట్టి. చెయ్యి తీసేశానని దానికి తెలియకుండా పక్కనే నడిచేదాన్ని, అది ఆ చివర గోడ ముట్టుకుని వెనక్కి తిరిగి, అమ్మమ్మా నీ చెయ్యేదీ అని నీళ్లు మింగేసేది. గుండ్రటి పిల్ల, రొట్టెముద్దలాంటి పిల్ల, అప్పుడు దానికి ఒళ్లుందన్న సంగతే తెలియదు. ఒళ్లుందని తెలియకపోవడమే పెద్ద భోగం. లోపల ఇప్పుడేం చేస్తోందో. కోటు విప్పిందా? విప్పి మళ్లీ వేసుకుందా? వెనక తలుపు నుంచి కారు దగ్గరికి పోయి కూర్చుందా? తాళంచెవి నా దగ్గరే ఉంది, పాపం చలిలో నిలబడి ఉంటుందేమో. లేచి వెళ్లి ఒక్కసారి తొంగి చూస్తే? పిలవకూడదనే కదా మాట, చూడకూడదని అనలేదు కదా. ఇట్లాంటి దొంగ వాదనలు నాకు బాగా వచ్చు. కానీ నేను ఈ మెట్లెక్కి లోపలికి పోయిన క్షణాన దానికి తెలిసిపోతుంది, అమ్మమ్మకు కూడా నా మీద నమ్మకం లేదని. ఆ ఫోటో కంటే అదే పెద్ద దెబ్బ. కూర్చో స్టైనున్. నీ మోకాళ్లు దీవిస్తున్నాయి కదా, కూర్చో.

తలుపు దబ్బున తెరుచుకుంది, తన్ని తెరిచినట్టు. బెర్గా. నాతో గిడ్డంగిలో పనిచేసిన బెర్గా, నా వయసుదే, రోజూ నాతోపాటే తొట్టిలో దిగే మనిషి, ఈ రోజు ఆలస్యం. ఎడమవైపు రొమ్ము తీసేశారు ఆమెకు, చాలా ఏళ్లయింది. తీశాక మొదటిసారి స్నానాల గదికి వచ్చిన రోజు నాకు గుర్తుంది, గదిలో ఉన్న ఆడవాళ్లెవరూ గుడ్లప్పగించి చూడలేదు, మొహమూ తిప్పుకోలేదు. చూసి, అందరి ఒళ్లూ చూసినట్టే చూసి, మళ్లీ తల రుద్దుకున్నారు. నేను షాంపూ అడిగాను. అంతే, ఆమె మళ్లీ మాలో కలిసిపోయింది. ఇప్పుడు ఆ బెర్గా మొహం ఉడికిన రొయ్యలాగా ఉంది, కోపమో నవ్వో తెలియడం లేదు, మెట్లు దిగుతూనే మొదలుపెట్టింది.

"మీ పిల్ల ఏం చేసిందో తెలుసా?" అంది నాతో.

ఆమె చెప్పుకుంటూ పోయింది, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా. లోపల తను పాదాలు రుద్దుకుంటోందట, వంగి. మీ ఏదిస్ పక్క జల్లు కింద, గోడ వైపు తిరిగి, తల నిండా నురగతో, ఎవరినీ చూడకుండా. అంటే కోటు విప్పిందన్నమాట, కోటేమిటి, అన్నీ విప్పిందన్నమాట, నేనిక్కడ కారు దగ్గరికి పోయిందని ఏడుస్తుంటే. ఇందాక కీచుమన్న ఆ ఇద్దరు పిల్లల్లో ఒకతె, తువ్వాల్లోంచి ఫోను తీసి, అద్దం ముందు తన మొహం ఫోటో తీసుకుంటోందట. లోపల ఫోను తీయకూడదని గోడ నిండా రాసి ఉంది, అయినా తీసింది. పిల్ల తన పెదాలే చూసుకుంటోంది, దాని వెనక అద్దంలో నేను, ఈ ఛాతీతో, వంగి, నేను చూడనేలేదు, నాకు కళ్లద్దాలు లేకపోతే అద్దమూ గోడా ఒకటే అంది బెర్గా. ఏదిస్ చూసింది. ఎట్లా చూసిందో, కళ్లలో నురగ పెట్టుకుని. తిన్నగా పోయి ఆ పిల్ల ముందు నిలబడి, ఆ ఫోటో చెరిపెయ్ అందట. ఆ పిల్ల, నన్ను నేను తీసుకుంటున్నాను, మీకేం అందట. వెనక ఒక మనిషి ఉంది, ఆమెను అడిగావా అందట ఏదిస్. ఎవరూ చూడర్లే, ఊరికే సరదాకి అందట ఆ పిల్ల.

"ఆ ముక్క అనగానే, సరదా అనగానే, మీ దానికి ఏదో పట్టినట్టయింది స్టైనున్. అరవలేదు. ఫోను పట్టుకున్న చెయ్యి పట్టుకుని, రా, కాపలావిడ దగ్గర చెరిపేద్దువుగాని అని నడిపించుకుపోయింది. లాకర్ల మధ్యలోంచి, అందర్నీ దాటుకుని, ఆ గాజు కిటికీ దాకా. పుట్టినప్పుడెట్లా ఉందో అట్లా."

ఆ గాజు కిటికీ నాకు తెలుసు. ఇటు కాపలావిడ కూర్చుంటుంది, అటు టిక్కెట్లిచ్చే చోటు. మామూలుగా తెర వేసి ఉంటుంది. "తెర?" అన్నాను. "సగమే," అంది బెర్గా. అవతల ఒక పెద్దమనిషి టిక్కెట్టు తీసుకుంటూ ఉన్నాడట, ఇటు చూసి, గబుక్కున గోడ మీది ఈతపోటీల ప్రకటన చదవడం మొదలుపెట్టాడట, జన్మలో ఎవరూ అంత శ్రద్ధగా ఏ ప్రకటనా చదివి ఉండరట. ఆ పిల్ల అక్కడికక్కడే ఫోటో చెరిపేసింది, బెర్గా దగ్గరికొచ్చి క్షమించమంది, ఏడ్చింది కూడా. బెర్గా దాన్ని దగ్గరికి తీసుకుని, ఏడవకే, నీ మొహం బాగుంది, నా వీపే బాగాలేదు అందట. గ్రీమర్ గట్టిగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

"తరవాత?" అన్నాను.

బెర్గా గొంతు తగ్గించింది. తరవాత కోపం దిగిపోయింది, ఏదిస్ తలొంచి తనను తాను చూసుకుంది, ఎక్కడ నిలబడి ఉందో అప్పుడు తెలిసినట్టుంది. మళ్లీ జల్లు కిందికి పోయింది. ఇంకా అక్కడే ఉంది, గోడ వైపు తిరిగి. నేను రమ్మనలేదు, రమ్మనాలా అంది బెర్గా. వద్దన్నాను. వద్దన్నాను గానీ లోపల నాకు రెండు గొంతులు. అయిపోయింది, ఇంకెప్పటికీ రాదు, ఊళ్లోవాళ్లు చూశారు, ఎవరో పరాయి మగవాడు చూశాడు, ఇంతకంటే పెద్ద పీడకల దానికింకేముంది అని ఒక గొంతు. ఇంకో గొంతు, ఇది మా పెద్దమ్మ గొంతులాగా ఉంది, ఒసే పిచ్చిదానా, అది ఎవరి కోసమో నడిచింది, తన ఒళ్లు మరిచిపోయి నడిచింది, కాళ్లు దారి చూశాయి, ఒకసారి చూసిన దారి కాళ్లు మరిచిపోవు అని. నేను రెండో గొంతే విన్నాను. మొదటి దాన్ని నీళ్ల కిందనుంచి కాలితో తన్నాను. బతుకంతా నాకు పనికొచ్చింది ఇదే, ఏ గొంతు వినాలో నేనే తేల్చుకోవడం. పులుసు చల్లారితే మళ్లీ వేడిచేసినదాన్ని, ఇది కూడా అంతే, ఈ రోజు రాకపోతే రేపు మళ్లీ వస్తాం, ఎల్లుండి మళ్లీ వస్తాం, శుక్రవారం బస్సు పోతే పోనీ, భూమి లోపలి రాళ్లు ఎక్కడికీ పారిపోవు. కాదు, పోనీ అనకు. రావాలి. రా తల్లీ. నిన్నెవరూ పిలవడం లేదు, ఎవరూ తోయడం లేదు, చెయ్యి తీసేశాను చూడు, రా.

బెర్గా మాట మార్చింది, దక్షిణాన గాలి ఎంత ఉందో అని. గ్రీమర్ ఆకాశం చూసి, సాయంత్రానికి తగ్గుతుంది, నేను చెబుతున్నానుగా అన్నాడు. నేను తలుపు చూడ్డం మానేశాను. ఎందుకు మానేశానో తెలియదు, కళ్లు మండాయేమో, ఎదురుగా నీళ్ల మీద పడి కరిగే మంచు చూస్తున్నాను. ఒక్కొక్కటీ తెల్లగా దిగుతుంది, ముట్టుకోగానే ఏమీ లేదు. అందుకే తలుపు చప్పుడు నేను వినలేదు. తడి రాళ్ల మీద పాదాల చప్పుడే విన్నాను, పరుగు కాదు, చలికి అందరూ పరుగెత్తుతారు, ఇది పరుగు కాదు, నిదానంగా, మడమ ముందు ఆని, తరవాత వేళ్లు. తలెత్తాను.

నల్ల ఈతబట్ట, తువ్వాలు లేదు, చేతులు రెండూ పక్కన వేలాడుతున్నాయి. జుట్టులో ఒకచోట నురగ అట్లాగే ఉంది. కళ్లు ఎర్రగా. తొడలు చలికి ఎర్రబడి, గట్టిగా, నడిచే తొడలు, కొండలెక్కే తొడలు. నాకు కళ్లనీళ్లు వచ్చాయి, వానలో ఎవరికి తెలుస్తుంది. వచ్చి తొట్టి గట్టు మీద నిలబడింది. మేము ముగ్గురం ముసలాళ్లం, మా ముగ్గురి కాళ్లే తొట్టి నిండా, అందులో గ్రీమర్‌వి మరీను. అది ఒకసారి లోపలికి చూసి, ఖాళీ ఎక్కడుందో చూసుకుంది. మూలన జానెడు చోటు ఉంది, నా పక్కన. అటు పోతుందనే అనుకున్నాను.

"కాస్త కాళ్లు తీస్తావా తాతా? నాకు ఇంకొంచెం చోటు కావాలి," అంది.

గ్రీమర్ ఆ మూలలో కూర్చున్న నాటి నుంచీ కాళ్లు తీయమన్న మనిషి లేదు. ఆయన నా వైపు చూశాడు, బెర్గా వైపు చూశాడు, తరవాత ఆ పిల్ల మొహం చూసి, ఓడను రేవులోంచి వెనక్కి తిప్పినట్టు, చాలా మర్యాదగా, కాళ్లు మడుచుకున్నాడు. అది మెట్లు దిగింది, నీళ్లు దాని చుట్టూ పైకి లేచి గట్టు మీదుగా పొర్లాయి. తొట్టి మధ్యలో, మా అందరికీ ఎదురుగా కూర్చుంది. కాసేపు కళ్లు మూసుకుంది.

"కళ్లు మండుతున్నాయి. సబ్బు," అంది.

"కడుక్కోవడానికి తీరికుంటే కదా," అంది బెర్గా, నీళ్లకేసి చూస్తూ. ఏదిస్ కళ్లు తెరిచి బెర్గాను చూసింది. ఇద్దరూ ఒకటేసారి నవ్వారు, పెద్దగా కాదు, ముక్కుల్లోంచి. ఆ నవ్వు ఎవరికీ చూపించడానికి కాదని నాకు తెలిసింది, ఎందుకంటే నవ్వుతున్నప్పుడు దాని మొహం వంకరగా, చెంపలు పైకిపోయి, పళ్లన్నీ కనిపిస్తూ, ఎంత అనాకారిగా ఉందో, ఎంత బాగుందో.

"అమ్మమ్మా."

"ఊఁ."

"శుక్రవారం బస్సు పొద్దున్నే. నేను లేవకపోతే నువ్వే లేపాలి."

లేపుతాను అన్నాను. అది వెనక్కి వాలి, తల గట్టు మీద ఆనించి, కాళ్లు చాపింది, ముందు కొంచెం, తరవాత ఇంకొంచెం, దాని వేళ్లు గ్రీమర్ మోకాళ్లకు తగిలేదాకా. ఆయన మరికాస్త పక్కకు జరిగాడు. అది ఇంకా చాపింది.